ఇంటి కాగితాల కట్ట: బేరిగై ప్రాంత చరిత్రకు ఒక ఆధారం

హోసూరుకు ఈశాన్యంగా, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు బేరిగై. ఒకప్పుడు ఇది పాళెగాండ్ల ఊరు. బాగలూరు, సూళగిరి, అంకుశగిరి, బేరిగై అనే పేర్లు ఈ సీమ పాళెపట్టులను చెప్పేటప్పుడు పక్కపక్కనే వస్తాయి. 1799లో టిప్పు సుల్తాను పడిపోయేదాకా ఈ ప్రాంతం మైసూరు సీమ. తర్వాత కుంఫిణీవారి సేలం జిల్లా. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలో చేరింది, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉంది. ఊరి కాగితాలు చేరవలసిన కచేరీ మాత్రం ఇన్నిసార్లు మారింది.

ఈ కారణంచేత బేరిగై చరిత్రను ప్రభుత్వ పత్రశాలల నుంచి రాయబూనినవారు చాలా గడపలు ఎక్కవలసి ఉంటుంది. మైసూరు కాలపు సంగతులకు కర్ణాటక, కుంఫిణీ కాలపు రెవెన్యూ సంగతులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రశాల, అటుతర్వాతివాటికి జిల్లా కచేరీలు. ఎగ్మూరు పత్రశాల 1909 నుంచి ఉన్నది. 1973 దాకా దాని పేరు మద్రాసు రికార్డు ఆఫీసు. అక్కడ దొరికేది గొప్ప సంపదే. కాని అదంతా ప్రభుత్వం అడిగిన ప్రశ్నలకు ఊరు చెప్పిన జవాబు. ఊరు తనకోసం తాను రాసుకొన్నది అక్కడ ఉండదు. అది ఇండ్లలో, అటకలమీద, దేవుని గూట్లో, ధాన్యపు గాదెల పక్కన ఉన్న పెట్టెల్లో ఉంటుంది. ఇంటి కాగితాలు అని మేము ఈ వ్యాసంలో అంటున్నది వీటినే. వాటిని ఎలా చూడాలి, ఎలా భద్రపరచాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు అన్నది ఇక్కడ వివరించదలచాము.

ఏం చేయకూడదో మాకు తెలియవచ్చింది మేము చేసిన పొరపాటువల్లనే. తెలుగు పీఠం తరపున వెళ్ళినవారం గనుక మొదటి రోజుల్లో ప్రతి ఇంటి ముందూ మేము అడిగిన మాట ఒకటే: “మీ ఇంట్లో పాత తెలుగు కాగితాలు ఉన్నాయా?” బేరిగై దగ్గరి ఒక పల్లెలో ఒక ఇంటివారు ఎర్రగుడ్డలో చుట్టిన కట్టను మా ముందు పెట్టారు. మేము ఆనందంగా విప్పి, తెలుగు ఆకులు ఒకవైపు, కన్నడం ఒకవైపు, తక్కినవి ఇంకొకవైపు పేర్చుకొంటూ పోయాము. తెలుగువి పదిహేనో ఇరవైయో తేలాయి. వాటిని రాసుకొన్నాము. మళ్ళీ కట్టేటప్పుడు ఆ ఇంటి పెద్దావిడ వచ్చి చూసి, “నాయినా, ఏది ముందుందో ఏది ఎనకుందో గురుతు పెట్టుకొన్నారా? ఆ దారం మా మామ కట్టింది. కోర్టు వ్యాజ్యం నడిచినప్పుడు వరసగా పేర్చి కట్టినాడు. ఆయన పోయినాక ఎవురూ విప్పలేదు” అన్నారు. మేము గురుతు పెట్టుకోలేదు. ఆ వరస మళ్ళీ రాలేదు.

ఆమె మామగారు చేసిన పనికి పత్రశాస్త్రంలో ఒక సిద్ధాంతమే ఉన్నది. 1841లో ఫ్రాన్సు ప్రభుత్వం జిల్లా పత్రశాలలకు ఒక ఉత్తరువు పంపింది. ఒక కుటుంబం నుంచి గాని ఒక సంస్థ నుంచి గాని వచ్చిన కాగితాలను ఒకచోటే ఉంచాలి, ఇతరులవాటితో కలపరాదు అని దాని సారాంశం. 1898లో ముగ్గురు డచ్చి పత్రపాలకులు, ముల్లర్, ఫెయిత్, ఫ్రూయిన్ అనేవారు, రాసిన గ్రంథం మరొక మెట్టు పైకి వెళ్ళి, ఆ కాగితాలు పుట్టినప్పటి వరసను కూడా చెరపరాదని స్థిరపరచింది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ జిల్లావారు 1913లో స్థానిక పత్రశాల పెట్టి, ఆ పద్ధతిలోనే చుట్టుపక్కల కాగితాలను చేర్చుకొన్నారు. ఈ నియమాన్ని పైపైన చూస్తే గుమాస్తాల చాదస్తంలాగా తోస్తుంది. బేరిగై కట్టను ఎదురుగా పెట్టుకొని చూస్తేనే దాని బలం తెలుస్తుంది.

ఎందుకో చెప్పటానికి ఈ ప్రాంతంలో ఒక శానుభోగుల ఇంటి పెట్టెను ఊహించుకొందాం. శానుభోగులంటే కరణం. ఊరి లెక్క రాసేవాని పదవి తండ్రినుంచి కొడుకుకు వచ్చేది. అతనికి వేరే కచేరీ లేదు. అతని ఇంటి పంచే కచేరీ, ఇంటి పెట్టే ఊరి పత్రశాల. అందువల్ల ఒకే పెట్టెలో ఊరి అడంగలూ ఉంటుంది, కూతురి లగ్నపత్రికా ఉంటుంది. తమిళనాడులో ఈ వంశపారంపర్య పదవులను 1980 నవంబరులో రద్దుచేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో అదే జరిగింది. లెక్కలు ప్రభుత్వానికి అప్పగించాలన్నారు. ఇక్కడ ఏది ప్రభుత్వానిది, ఏది ఇంటిది? తాత రాసిన లెక్క ఇంటి ఆస్తి అని కొందరు దాచుకొన్నారు. జోలికి పోతే చిక్కని కొందరు అన్నీ ఇచ్చివేశారు. ఇచ్చినవాటితోపాటు ఇంటి కాగితాలూ పోయాయి, దాచినవాటిలో ఊరి కాగితాలూ మిగిలాయి. నేడు ఆ పెట్టెను తెరిచేవారు ఈ కలగాపులగాన్ని తప్పుగా భావించనక్కరలేదు. ఆనాటి జీవితం అలాగే కలిసి ఉన్నది.

పెట్టె అడుగున తాటాకు కవిలెలు ఉండవచ్చు. వాటిపైన కడితం. ఈ మాట ఇప్పటి విద్యార్థులకు కొత్త గనుక చెబుతున్నాము. గుడ్డకు చింతగింజల గంజిలో బొగ్గుపొడి కలిపి పట్టించి ఆరబెడతారు. నల్లని పలకలాంటి ఆ గుడ్డను మడతలు మడతలుగా మడిచి, బలపంతో తెల్లని అక్షరాలు రాస్తారు. పలకలాగే తుడిచి మళ్ళీ రాయవచ్చు. లెక్కలవారికి ఇది ఎంతో అనువైనది. భద్రపరిచేవారికి మాత్రం ఇదే పెద్ద గండం. దుమ్ము పట్టింది గదా అని తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, నూరేండ్ల లెక్క మాయమవుతుంది. ఇంటివారికి ముందుగా చెప్పవలసిన మాట ఇదేనని మా అనుభవం.

కడితం పైన కాగితాలు. భూమి అమ్మిన క్రయచీట్లు, అప్పుకింద భూమిని అనుభవానికి ఇచ్చిన భోగ్యపత్రాలు, అన్నదమ్ములు పంచుకొన్న పారికత్తులు, ముచ్చలికలు, కౌళ్ళు, శిస్తు రసీదులు. ఇనాం కలవారి ఇంట్లో ఇనాం కమిషన్ ఇచ్చిన పట్టా కూడా ఉండవచ్చు. 1858లో మొదలైన ఆ కమిషన్ మద్రాసు రాజధానిలోని ఇనాములన్నింటినీ విచారించింది. హక్కు చూపమని అడిగారు గనుక ఇంటివారు పాత ఆధారాలన్నీ బయటికి తీసి నకళ్ళు రాయించుకొన్నారు. అసలు పోయి నకలే మిగిలిన కాగితాలు ఇనాం ఇండ్లలో ఉండటానికి ఈ విచారణ ఒక కారణం. 1860ల నడుమ రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చాక సబ్ రిజిస్ట్రారు ముద్రలున్న కాగితాలు మొదలవుతాయి.

ఇక భాషల సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఊరి లెక్క కన్నడంలో రాసి, తాలూకా కచేరీకి తమిళంలో అర్జీ పెట్టి, కోర్టు తీర్పును ఇంగ్లీషులో అందుకొన్న కుటుంబం ఇక్కడ వింత కాదు. 1638 తర్వాత బెంగుళూరు షాహజీ చేతికి జాగీరుగా వచ్చినప్పటినుంచి ఈ మైసూరు మైదానంలో మరాఠీ లెక్కలవారు స్థిరపడ్డారు. వారి మోడీ లిపి కుంఫిణీ రోజుల్లో కూడా రెవెన్యూ కచేరీల్లో కనిపించేది. టిప్పు కాలంలో పారసీకి కచేరీలో పెద్దపీట పడింది. ఇక తెలుగు కన్నడ లిపులు ఎంత దగ్గరివో చెప్పనక్కరలేదు. గొలుసుకట్టు రాతలో ఒక ఆకు తెలుగో కన్నడమో తేల్చటానికి మాకే చాలాసేపు పట్టిన సందర్భాలున్నవి. అక్షరం కన్నడంలా ఉంటుంది, మాట తెలుగు అవుతుంది. దాన్ని ఏ కుప్పలో వేస్తాము?

ఒక పొలం కథ తీసుకొందాం. తాత దాన్ని భోగ్యానికి పెట్టిన పత్రం కన్నడంలో ఉంటుంది. అప్పు కొంత తీర్చినట్టు వెనక రాసిన చెల్లు తెలుగులో ఉంటుంది. మనుమడు విడిపించుకోవటానికి వేసిన దావాకు సంబంధించిన నోటీసు తమిళంలో, తీర్పు నకలు ఇంగ్లీషులో. నాలుగూ కలిస్తే ఒక కుటుంబం మూడు తరాలు ఒక చెక్క పొలంకోసం పడిన పాటు తెలుస్తుంది. తెలుగు కాగితం ఒక్కటే తీసుకొని మా పీఠానికి తెచ్చుకొంటే మాకు మిగిలేది, ఎవరో ఎవరికో కొన్ని రూపాయలు ఇచ్చారనే ఒక పంక్తి. ఆనాటి తెలుగు వ్యావహారికానికి ఉదాహరణగా దాన్ని అచ్చువేసుకోవచ్చు, అంతే.

కాగితం తేదీ తేల్చటానికి సైతం కట్ట వరసే దిక్కు. ఇంటి కాగితాల్లో తరచు కనిపించేది సంవత్సరం పేరు మాత్రమే. “సిద్ధార్థి సంవత్సర జ్యేష్ఠ బహుళ పంచమి” అని ఉంటే అది ఏ సిద్ధార్థి? అరవైయేండ్ల చక్రం గనుక 1799 కావచ్చు, 1859 కావచ్చు, 1919 కావచ్చు, 1979 కూడా కావచ్చు. మొదటిది టిప్పు పడిన ఏడు, రెండవది ఇనాం కమిషన్ పని సాగుతున్న కాలం. విడిగా చేతికి వచ్చిన ఆకుమీద ఏమీ తేల్చలేము. కిందా పైనా ఉన్న ఆకులు కలిసి ఉంటే పేర్లనుబట్టి, అదే సాక్షి వేరొకచోట చేసిన సంతకాన్నిబట్టి తేలుతుంది. నాణెం పేరు కొంత సాయపడుతుంది. కంఠీరాయ హణాలు, వరహాలు అని ఉంటే పాతదనం ఊహించవచ్చు. మద్రాసు ప్రభుత్వం 1818లో వరహాను మాన్పి వెండి రూపాయిని స్థిరపరచింది, వరహాకు మూడున్నర రూపాయల చొప్పున. కాని ఊళ్ళలో నోటికి అలవాటైన పాత పేర్లు ప్రభుత్వ ఉత్తరువుతో ఒక్కసారిగా పోయేవి కావు. అందుచేత నాణేన్ని ఒక్కదాన్నే నమ్మరాదు.

ఫసలీ ఉంటే పని తేలిక. ఆ అంకెకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. శకసంవత్సరానికి 78 కలపాలి. టిప్పు కాలపు మౌలూదీ లెక్క వస్తే తెలిసినవారిని అడగటం మంచిది. ఇంకొక చిక్కు ఉన్నది. తమిళ కాగితంలోని ఆని నెల పదో తేదీ సౌరమానం, తెలుగు కాగితంలోని జ్యేష్ఠ బహుళ దశమి చాంద్రమానం. రెండూ ఒకే కట్టలో, ఒక్కొక్కప్పుడు ఒకే వ్యవహారంలో కనిపిస్తాయి. ఇక 1876 ధాత సంవత్సరపు కరువు ఉన్నది. సేలం జిల్లా ఆ కరువుకు మిక్కిలి నష్టపోయిన జిల్లాల్లో ఒకటి. కట్టలో ధాత, ఈశ్వర సంవత్సరాల దగ్గరకు రాగానే భోగ్యాలూ విక్రయాలూ దట్టమయ్యాయేమో చూడమని విద్యార్థులకు చెబుతాము. ఒక ఇల్లు ఆ కరువును ఎలా దాటిందో అక్కడే తెలుస్తుంది. అది కూడా వరస చెడనప్పుడే.

ఈ ప్రాంతాల కాగితాలను భాషలవారీగా విడదీస్తే ఏమవుతుందో తెలుసుకోవటానికి ఒక పాత ఉదాహరణ చాలు. కల్నల్ కాలిన్ మెకంజీ 1799 తర్వాత మైసూరు సర్వే చేస్తూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి కైఫియత్తులు, శాసనాల నకళ్ళు, పాళెగాండ్ల వంశ చరిత్రలు సేకరించాడు. బొర్రయ్య 1803లోనే చనిపోయాడు. లక్ష్మయ్య ఆ పని సాగించాడు. మెకంజీ 1821లో చనిపోయాక కుంఫిణీవారు ఆ సేకరణను కొన్నారు. కొంత లండనుకు వెళ్ళింది, కొంత కలకత్తాలో నిలిచింది, దేశభాషలవి మద్రాసుకు వచ్చాయి. విల్సన్ 1828లో ఒక పట్టిక, టేలర్ 1857 నుంచి 1862 దాకా మూడు సంపుటాల పట్టిక అచ్చువేశారు. వాటిలో పొందిక ప్రధానంగా భాషనుబట్టి సాగింది. సి. పి. బ్రౌన్ శిథిలమవుతున్నవాటికి నకళ్ళు రాయించకపోతే తెలుగువారికి ఇంకా ఎంతో పోయి ఉండేది. ఆయన మేలు మరువరానిది. అయినా ఒక ఊరికి ఒకేసారి వెళ్ళిన ఉద్యోగి తెలుగులో రాసుకొన్నదీ, ఆ ఊరివారు కన్నడంలో ఇచ్చినదీ, దొరకు పంపిన ఇంగ్లీషు నివేదికా నేడు మూడు చోట్ల వెదకవలసి వస్తున్నది. వాటిని తిరిగి జతపరచటానికి పరిశోధకుల జీవితాలు ఖర్చయ్యాయి.

మహారాష్ట్రులు ఈ విషయంలో మనకంటె ముందే మేలుకొన్నారు. రాజవాడే ఊరూరా తిరిగి పాత కుటుంబాల దఫ్తరాలను వెదికి అచ్చువేయించాడు. 1910లో పుణెలో భారత ఇతిహాస సంశోధక మండలం వెలసింది. మన వైపు 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడి గొప్ప పని చేసింది. కాని తెలుగు పరిశోధకుల మనసు ఎక్కువగా శాసనాలమీద, తామ్రపత్రాలమీద, కావ్యాలమీద ఉండిపోయింది. రాయి పాడుకాదు, దాన్ని తర్వాత చూసినా చూడవచ్చు; కాగితానికి ఆ ఓపిక లేదు. ఈ క్రమం తారుమారై ఉండవలసిందని మా అభిప్రాయం.

పెద్దవారి కాగితాలు ఎలాగో దక్కుతాయి. పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రాసుకొన్న దినచర్య 1846లో బయటపడింది. కస్తూరి రంగకవి చేత తెలుగు ఛందోగ్రంథం అంకితం పొందినవాడు తన రోజును తమిళంలో రాసుకొన్నాడని గమనించాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేస్తూ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపినదే 1838లో పుస్తకమయింది. గురజాడ అప్పారావు దినచర్యలు చాలాభాగం ఇంగ్లీషులో ఉన్నవి. తెలుగు కాగితాలు మాత్రమే ఏరుకొందామనుకొనేవారు వాటిని పక్కన పడేసి ఉండేవారే. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి తండ్రి ఆ ఊరి మునసబు. కొడుకు కాగితాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవనపు గ్రంథాలయంలో, 2023 దాకా నెహ్రూ పేరుతో ఉన్న సంస్థలో, భద్రంగా ఉన్నవి. ఆ తండ్రిలాంటి మునసబుల, శానుభోగుల కాగితాలకు అటువంటి చోటు దొరకటం అరుదు. ప్రాంతీయ చరిత్రశాల అవసరం ఇక్కడే కనిపిస్తుంది. దేశనాయకుల కోసం ఢిల్లీ ఉన్నది. బేరిగై సంగతి హోసూరులోనో కృష్ణగిరిలోనో ఎవరైనా పట్టించుకోవాలి.

అందరూ తేలికగా పారవేసే రకం కాగితం ఒకటున్నది. దాన్ని గురించి కొంచెం చెప్పుకోవాలి. అవి పెళ్ళి చదివింపుల పట్టీలు. ఎవరు ఏ ఊరినుంచి వచ్చి ఎంత చదివించారో వరసగా రాసిన చీటీ. తిరిగి వారింట పెళ్ళి జరిగినప్పుడు అంత చదివించాలి గనుక ఇంటివారు దాన్ని అప్పుపత్రంలాగే దాచారు. ఆ పట్టీలోని ఊళ్ళ పేర్లను పటంమీద గుర్తుపెడితే ఆ ఇంటి బంధుత్వాల సీమ కనిపిస్తుంది. బేరిగై ఇంటి పట్టీలో మాలూరు, కోలారు, కుప్పం, పుంగనూరు వైపు ఊళ్ళు ఉంటే, ఈనాటి మూడు రాష్ట్రాలు ఒకే పందిట్లో కూచున్నట్టే. మొరసునాడు అని పెద్దలు అనేదానికి సర్వే పటంలో సరిహద్దు దొరకదు. ఇలాంటి పట్టీల్లో దొరకవచ్చు. బేరిగైకి కొద్ది దూరంలో సరిహద్దు అవతల మాస్తి ఉన్నది. ఆ ఊరిని తన పేరులో పెట్టుకొన్న మాస్తి వెంకటేశ అయ్యంగారు కన్నడంలో కథకు పెద్దదిక్కయ్యారు. ఇంట తమిళం, రాత కన్నడం. ఈ సీమలో భాష మనిషికి ఒక్కటిగా అంటుకొని ఉండదు.

ఆడవారి పేర్లు కూడా ఇటువంటి చిన్న కాగితాల్లోనే తగులుతాయి. పసుపుకుంకుమల కింద కూతురికి ఇచ్చిన మడి, విధవరాలైన కోడలికి ఏటా కొలవవలసిన రాగులు, ఆమె వేలిముద్ర. రెవెన్యూ లెక్కలో పట్టాదారు పేరే ఉంటుంది గాని ఆ పొలం ఎవరి పసుపుకుంకుమో ఉండదు. పాటలు రాసుకొన్న నోటుబుక్కులు, బడికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల కాపీ పుస్తకం కూడా కట్టలోవే. వాటిని చెత్త అనుకోరాదు.

ఇక ఇంటివారి భయాల సంగతి. కాగితాలు చూపమంటే ముందు వారికి వచ్చే అనుమానం భూమి గురించి. హోసూరులో 1970లలో పారిశ్రామికవాడ వచ్చినప్పటినుంచి పొలాల ధర పెరుగుతూ వచ్చింది. ఆ వేడి బాగలూరు, బేరిగై దారులకూ పాకింది. పాత పారికత్తు బయటపడితే ఏ దాయాది దావా వేస్తాడోనని వెరవటం సహజం. పాత ఇండ్లు పడగొట్టి మిద్దెలు కట్టేటప్పుడు అటకమీది పెట్టె మొదట పోతుంది. ఈ భయాన్ని మేము తీసిపారేయము. కుటుంబం కోరితే ఫలానా ఏండ్లదాకా ఎవరికీ చూపరాదనే షరతు రాసి తీసుకోవచ్చు. పత్రశాలలలో ఇది ఉన్న పద్ధతే. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కాగితాలకు సంబంధించినది. ఇంటి కాగితాలమీద హక్కు ఇంటివారిదే. ఒక్క విషయం మాత్రం వారికి తెలిసి ఉండాలి: చారిత్రక, సాహిత్య విలువగల డెబ్భైయయిదేండ్ల పైబడిన రాతప్రతులు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటిని అనుమతి లేకుండా దేశం దాటించరాదు. పాత కాగితాలు కొంటామని వచ్చే వ్యాపారులకు ఈ మాట చెప్పవచ్చు.

అసలు కాగితాన్ని ఇల్లు కదిలించకుండానే పని జరిగే మార్గం ఇప్పుడున్నది. బ్రిటిష్ లైబ్రరీవారు 2004లో మొదలుపెట్టిన అపాయంలోని పత్రాల పథకం సాయంతో పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ తమిళనాడు పల్లెల్లో ఊరి పంచాయతీల తీర్పుల కాగితాలను వెదికి ఛాయాచిత్రాలు తీయించింది. బేరిగైకి అలాంటి పెద్ద పథకం కావాలని కూర్చోనక్కరలేదు. చేతిలోని ఫోనుతో చాలావరకు చేయవచ్చు. కాని వరసగా చేయాలి. మొదట విప్పని కట్ట, తర్వాత గుడ్డ, దారం ముడి, ఆపైన మొదటి ఆకు ముందువైపు, వెనకవైపు, ఆకు ఖాళీగా ఉన్నా సరే. మడతలో మడత ఉంటే దాన్ని అలాగే ఒకసారి తీసి తర్వాత విప్పాలి. భాష ఏదైనా వదలరాదు. అంకెలు వేయదలిస్తే మెత్తని పెన్సిలుతో మూలన వేయాలి. చిరిగినచోట అంటుకొనే టేపు వేయవద్దు; కొన్నేండ్లకు దాని జిగురు అక్షరాన్ని తినివేస్తుంది. తాటాకుకు నిమ్మగడ్డి నూనె పనికివస్తుంది, కాగితానికి ఏ నూనే పనికిరాదు. మన పెద్దలు పెట్టిన వేపాకు, వసకొమ్ము కొంతవరకు మంచివే. కాగితానికి తగలకుండా గుడ్డలో మూటకట్టి పెట్టాలి.

దీనికంటె తొందరగా చేయవలసింది ఇంకొకటి ఉన్నది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. కాలక్రమంలో ఈ ప్రాంతపు పిల్లల్లో తెలుగు అక్షరం చదవగలవారు తగ్గుతున్నారు. ఆ చర్చ వేరు. కాని ఇంటి పెట్టెకు దానివల్ల కలిగే ఫలితం స్పష్టం: తాత రాత మనుమడికి బొమ్మలాగా కనిపిస్తుంది. గొలుసుకట్టు రాతను, ఊరి పొట్టిగురుతులను, అరవీసం కాని లెక్కలను చదవగలవారు ఊరికి ఒకరిద్దరుంటే ఎక్కువ. వారు చదువుతూండగా వారి గొంతును రికార్డు చేసుకోవాలి. ఈ సాక్షి ఎవరు, ఈ పొలం ఇప్పుడు ఎవరిది, ఈ మాటకు అర్థమేమి అని నడుమ నడుమ అడగాలి. ఆ టేపు కూడా కట్టలో భాగమే. దానికి అదే అంకె వేయాలి. లేకపోతే కాగితాలు చక్కగా దక్కి, చదివేవాడు లేక మూగవవుతాయి.

మేము ఆనాడు విప్పిన కట్ట దగ్గరకు మళ్ళీ వెళ్ళాము. కొన్ని ఆకులపైన మడతల జాడలు, ఒకదాని సిరా మరొకదానిపై అంటిన మరకలు చూసి, ఏది దేనిపక్కన ఉండేదో కొంత తేల్చగలిగాము. తక్కినవాటికి పెద్దావిడ జ్ఞాపకమే ఆధారం. ఆమెకు చదువు రాదు. కాగితం పరిమాణాన్నిబట్టి, ముద్రల రంగునుబట్టి, “ఇది కోలారు పోయి వచ్చినాక తెచ్చింది, ఇది దానికి ముందరిది” అని చూపారు. కన్నడమూ తమిళమూ ఇంగ్లీషూ అన్నీ కలిపి ఆమె చెప్పిన వరసలో పేర్చాము. తేలని పదకొండు ఆకులను చివర వేరుగా ఉంచి, ఇవి మావల్ల వరస తప్పినవి అని ఒక చీటీ రాసి పెట్టాము. ఎర్రగుడ్డలోనే చుట్టి, ఆ దారంతోనే కట్టి ఆమెకు అప్పగించి వచ్చాము.